చాటికొన సంతలో మా చిన్నది

ఒడిశాలోని రాయగడలో పెరిగే పిల్లకి మనుషులు రకరకాలుగా ఉంటారని వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, సంతకెళ్తే ఆదివాసుల కువి భాష.

చాటికొనలో బుధవారం సంత. నియమగిరి కొండల నుంచి డొంగ్రియా కొంధులనే ఆదివాసులు అనాసపళ్ళూ పసుపూ దించుతారు. అక్కడ ఓ కుర్రాణ్ణి చూసి మా ఐదేళ్ళది, "అమ్మా, ఈ అన్నయ్యకి ముక్కుపోగులేంటి? కొప్పులో దువ్వెనేంటి?" అని గట్టిగానే అడిగింది. విజయనగరం నుంచి వచ్చిన మా పెద్దత్త, "ష్! తప్పు, అలా అనకూడదు" అని నోరు మూయబోయింది. తప్పేముంది? కనబడింది, అడిగింది. కసిరితే ఆ పోగుల్లోనే ఏదో సిగ్గుచేటు ఉందనుకోదూ? "వాళ్ళలో మగవాళ్ళూ పెట్టుకుంటారమ్మా. మీ ముత్తాతకి చెవిపోగులుండేవి, ఫొటోలో చూశావుగా" అన్నాను. దానికి అంతే చాలింది. వెంటనే అనాసపండు బేరంలో పడింది.

పిల్లలకి "అందరం ఒకటే" అని చెప్పేయడం నాకు నచ్చదు. ఒకటి కాదని వాళ్ళకి కనబడుతూనే ఉంటుంది. తేడా ఏమిటో చెబితే పోలిక వాళ్ళే పట్టుకుంటారు.

మార్గశిరంలో లక్ష్మివారం వచ్చిందంటే పక్కింటి ఒడియా మావుసి (పిన్ని అన్నమాట) బియ్యప్పిండి జారుగా కలిపి, వేళ్ళు ముంచి ఝోటి, అంటే వాళ్ళ ముగ్గు, వేస్తుంది. వరికంకులు, వీధి గుమ్మం నుంచి దేవుడి గది దాకా లక్ష్మి పాదాలు. లోపల మానిక నిండా కొత్త వడ్లు పోసి పూజ. మా ఇంట్లోనూ ఆ రోజు లక్ష్మీపూజే, ముగ్గు మాత్రం పొడిపిండితో. మా పాప అక్కడ మోచేతుల దాకా తడిపిండి, ఇక్కడ గౌనంతా పొడిపిండి.

"మావుసి లక్ష్మీ, మన లక్ష్మీ ఒకావిడేనా?"

"ఒకావిడే."

"మరి ఒకేసారి రెండిళ్ళకీ ఎలా వస్తుంది?"

నేను తడుముకుంటుంటే మావుసి గోడ అవతల నుంచి, "ముందు మా ఇంటికే!" అంది.

ఇంటి దగ్గర ఇంత సులువుగా జరిగేది బడిలో చిక్కుపడుతుంది. వేషాల పోటీకి దీన్ని "ఆదివాసి"గా పంపమన్నారు: నడుముకి ఆకులు, మొహానికి నల్లరంగు, చేతిలో బల్లెం. నాకు ఒళ్ళు మండింది. నేనేదో అనేలోపే మా పిల్ల, "టీచర్, సంతలో వాళ్ళు ఆకులు కట్టుకోరు. ఎర్రదారం పూలు కుట్టిన శాలువా కప్పుకుంటారు" అంది. టీచరమ్మ మంచిదే, నవ్వేసింది. ఆ ఏడు మేం పోస్ట్‌మేన్ వేషం వేశాం.