గింజలు ఏడ దాసుకుంటరు?

మా బిడ్డకు 13 ఏళ్లు. ఈసారి సెలవులకు వర్జీనియా నుంచి మా ఊరు మక్తల్ వచ్చేటప్పుడు బట్టల కంటే కాగితాలు, పెన్సిళ్లే ఎక్కువ సర్దుకుంది. స్నేహితులతో కలిసి పది నిమిషాల సైన్స్ ఫిక్షన్ సినిమా తీస్తున్నారు. అందులో గ్రహాంతరవాసుల ఓడ తయారుచేసే పని తనది.

ఈ ఓడల పిచ్చి ఎక్కడ పట్టిందో నాకు తెలుసు. మాకు దగ్గర్లో, షాంటిలీలో ఉడ్వార్-హేజీ విమానాల మ్యూజియం ఉంది. 1977లో వచ్చిన ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ సినిమా కోసం చేసిన పెద్ద ఓడ నమూనా అక్కడుంది. రాత్రిపూట మన దేశంలో ఒక చమురు శుద్ధి కర్మాగారం దీపాలు చూసినప్పుడు దర్శకుడు స్పీల్‌బర్గ్‌కు ఆ రూపం తట్టిందట. కట్టినవాళ్లు దాని సందుల్లో ఒక ఉత్తరాల డబ్బా, బుల్లి వ్యాను, చిన్న శ్మశానం కూడా ఇరికించారు. మా బిడ్డ వాటిని ఒక్కొక్కటే వెతుకుతుంటే, తెలుగు క్లాసుకు ఆలస్యమవుతోందని చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మక్తల్‌లో అది వాకిట్లో కూర్చొని గీస్తుంటే మా అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాగితం మీద నున్నటి వెండి పళ్లెం లాంటి ఓడ.

“గిదేంది బిడ్డా?”

“వేరే గ్రహం వాళ్ల ఓడ, అమ్మమ్మా.”

“ఎన్ని దినాలు పడ్తది ఈడికి రానీకె?”

సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ నుంచి వెలుగు రావడానికే 4 ఏళ్లు దాటుతుందని, ఓడకైతే ఇంకా ఎన్నో ఏళ్లు పడుతుందని బిడ్డ చెప్పింది.

“అన్నేండ్లా! మరి గింజలు ఏడ దాసుకుంటరు? పొయ్యి ఏడ పెట్టుకుంటరు? పిల్లల్ని ఎంట తెచ్చుకున్నరా, ముసలోళ్ల కాడ ఇడిసొచ్చిండ్రా?”

బిడ్డ పెన్సిల్ ఆగిపోయింది. నేను లేచి లోపలికి పోయాను.

మాది పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు లేబర్ అంటే దేశంలో తెలియనివాళ్లు తక్కువ. ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి మావాళ్లు మేస్త్రీల వెంట పోయారు. మా అమ్మానాయిన బొంబాయి పోయారు. నన్ను మా అవ్వ దగ్గర విడిచిపోయారు. పండుగకు వస్తే నాలుగు రోజులుండేవాళ్లు. వాళ్లు మళ్లీ బస్సెక్కే రోజు అవ్వ నన్ను చేనుకు తీసుకపోయేది, ఏడుస్తానని. మా బిడ్డకు నేనివేవీ చెప్పలేదు. బతుకమ్మ పేర్చడం నేర్పాను, వేమన పద్యాలు కంఠతా పట్టించాను. మన ఊరంటే పూలు, పాటలు, పండుగలే అన్నట్టు పెంచాను. చిన్నపిల్ల కదా, బాధెందుకని దాచాననుకునేదాన్ని. అది సిగ్గు. నా తల్లి కష్టాన్ని చూసి నేను సిగ్గుపడ్డాను.

ఆ రాత్రి అమ్మే అంతా చెప్పింది. బొంబాయికి ఏం మోసుకపోయిందో లెక్కపెట్టి మరీ చెప్పింది: జొన్నల సంచి, కారప్పొడి, రెండు గొంగళ్లు, రొట్టెల పెంక. బిడ్డ వింటూనే గీసింది. తెల్లారేసరికి వెండి పళ్లెం లేదు. మా ఇంటి మూలన ఇప్పటికీ ఉన్న, గింజలు దాచే గుమ్మి, వెదురుతో అల్లి పేడతో అలికింది, అదే ఓడ నడుమ భాగమైంది.

రెండు రోజుల తర్వాత కృష్ణ ఒడ్డున ముడుమాల్‌కు పోయాం. అక్కడి నిలువురాళ్లు 3,000 ఏళ్లు దాటినవి, మనిషికి రెండింతల ఎత్తు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఒక రాతి మీద సప్తర్షి మండలాన్ని పోలిన చిన్న చిన్న గుంటలున్నాయి. బిడ్డ వాటిని వేలితో తడిమి చాలాసేపు నిలబడింది. ఓడ తలుపు మీద అలాంటి గుంటలే పెడతానంది, ఇంటికి తోవ మరిచిపోకుండా. కాసేపటికి మళ్లీ తనే అంది: “కానీ అమ్మా, వాళ్ల గ్రహం నుంచి చూస్తే ఇవే చుక్కలు ఇలా కనిపించవు. అక్కడి నుంచి ఎలా కనిపిస్తాయో లెక్క కట్టాలి.”

అమ్మ తన పాత పెంకను మా పెట్టెలో పెట్టి పంపింది. ఇప్పుడు మా గరాజులో అట్టపెట్టెల ముక్కలతో, విరిగిన బొమ్మల భాగాలతో ఓడ లేస్తోంది. అడుగున ఆ నల్లటి పెంకే.

మొన్న వీడియో కాల్‌లో అమ్మ తేరిపార చూసి, “మంచిగున్నది. పిల్లలేరి మరి?” అంది.

“ఇద్దరు లోపలున్నారు అమ్మమ్మా. ఒక పిల్లను అక్కడే వాళ్ల అవ్వ దగ్గర విడిచొచ్చారు. మా సినిమా మొదలయ్యేది ఆ పిల్లతోనే.”