మామిడితోటకు ఏ తూటా?

మా అక్క కొడుకు పలమనేరు దగ్గర మామిడి, వేరుశనగ సాగు చేస్తాడు. అడవిపందులు రాత్రికి రాత్రే శనక్కాయ చేనును దున్నిపోసి పోతున్నాయన్న కడుపుమంటతో, రైఫిల్ లైసెన్సుకు దరఖాస్తు పెడదామనుకుంటూ పోయిన ఆదివారం చిత్తూరులో మా ఇంటికి వచ్చాడు. అమెరికావాళ్ల వీడియోలు నాలుగైదు ఫోనులో చూపించి, "మామా, చిన్న తూటా మేలా, పెద్ద తూటా మేలా? నువ్వు రెండూ కాల్చిండావు కదా" అని అడిగాడు. కాల్చిన మాట నిజమే. సైన్యంలో నా సర్వీసు మొదటి సగం 7.62 ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌తోనూ, తక్కిన సగం 5.56 ఇన్సాస్ రైఫిల్‌తోనూ గడిచింది. ఆ అంకెలు మిల్లీమీటర్లలో గుండు లావు; 7.62×51 లాంటి పేర్లలో రెండో అంకె తూటా తొడుగు పొడవు.

ఆ తేడా నోటితో చెబితే తలకెక్కదని, టేబుల్ మీద రెండు నాణేలు పెట్టాను. 2011లో వచ్చిన రకం రూపాయి బిళ్ళ బరువు 3.79 గ్రాములు, పాత మందపాటి ఐదు రూపాయల బిళ్ళ బరువు 9 గ్రాములు. 5.56 తూటాలోంచి బయటికి వెళ్ళే గుండు సుమారు 4 గ్రాములు, అంటే ఆ రూపాయి బిళ్ళంత. 7.62×51 గుండు తొమ్మిదిన్నర గ్రాములు, అంటే ఐదు రూపాయల బిళ్ళకు కాస్త పైన. చిన్నది గొట్టం దాటేటప్పుడు సెకనుకు దాదాపు 940 మీటర్ల వేగంతోనూ, పెద్దది దాదాపు 840 మీటర్ల వేగంతోనూ పోతాయి. లెక్క కడితే చిన్నదాని శక్తి 1,750 జౌళ్ళ (శక్తిని కొలిచే ప్రమాణం) చుట్టూ, పెద్దదాని శక్తి 3,350 జౌళ్ళ చుట్టూ తేలుతుంది. చిన్నది వేగంలో ముందున్నా, బరువులో పోగొట్టుకున్నదాన్ని ఆ వేగం పూడ్చలేదు.

ఇక తన్ను, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి భుజాన్ని కొట్టే దెబ్బ సంగతి. రిక్రూటుగా ఉన్నప్పుడు మొదటి చాందమారి (గురి కాల్చే సాధన) రోజున నేను ఎస్‌ఎల్‌ఆర్ బట్టును భుజం గుంటలో గట్టిగా అదిమిపెట్టకుండా వదులుగా పట్టుకున్నాను. ఐదో తూటాకే కాలరు ఎముక కింద నల్లగా కమిలింది, మూడు రోజులపాటు చొక్కా తొడుక్కునేటప్పుడల్లా పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది. ఇన్సాస్ చేతికొచ్చాక అదే భుజంతో వరసగా ఇరవై తూటాలు కాల్చినా మర్నాడు గుర్తు కూడా ఉండేది కాదు. తన్ను తక్కువైతే రెప్ప వాల్చకుండా ట్రిగ్గర్ నొక్కుతాం, గురి కుదురుతుంది. తన్నుకు భయపడేవాడి చేతిలో ఎంత పెద్ద తూటా అయినా వృథాయే.

5.56 లాంటి ఈ మధ్యరకం తూటా పుట్టుక వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో పోరు ఎక్కువగా మూడు నాలుగు వందల మీటర్ల లోపే జరుగుతుండగా, కిలోమీటరు దూరానికి సరిపోయే మందు మోయడం దండగని గ్రహించిన జర్మన్లు 7.92×33ను, వెనువెంటనే రష్యన్లు 7.62×39ను తెచ్చారు. అయినా తగవు తెగలేదు. మన సైన్యమే 5.56కు మారి, తిరిగి 2019లో 7.62×51 సిగ్ 716 రైఫిళ్లకూ, 2021లో 7.62×39 ఏకే-203లకూ ఒప్పందాలు చేసుకుంది.

అమెరికాలో వేటగాడికి ఈ ఎంపిక నిజమైన ఎంపికే. తూటా ధర, తన్ను, జంతువు పరిమాణం, దూరం చూసుకుని వాళ్ళు తేల్చుకుంటారు. వర్జీనియా రాష్ట్రంలో .23 కన్నా చిన్న కాలిబర్ రైఫిల్‌తో జింకను వేటాడకూడదన్న నియమం ఉంది కాబట్టి, .223 (అంగుళాల లెక్కలో మన 5.56 లావు గుండే) అక్కడ వెంట్రుకవాసిలో అనర్హమవుతుంది. మనవాడు చూసిన వీడియోల వాదమంతా ఆ నేల మీద నిలబడినదే.

మన చట్టం గీసిన గీత వేరు. ఏఆర్-15 లాగా గుండు పేలగానే తర్వాతి తూటా దానంతటదే ఎక్కే రైఫిళ్లు 2016 ఆయుధ నియమాల ప్రకారం, మామూలు పౌరుడికి దొరకని పరిమిత (రిస్ట్రిక్టెడ్) వర్గంలో ఉన్నాయి. త్రీ నాట్ త్రీ (.303), .308 (అంటే 7.62×51) తూటాలను కాల్చగల రైఫిళ్లు ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగేవైనా సరే అదే వర్గంలోకి వస్తాయి. విచిత్రమేమిటంటే, ఆ రెండింటికంటే బలమైన థర్టీ నాట్ సిక్స్ (.30-06) తూటా రైఫిల్‌కు మాత్రం లైసెన్సు దొరుకుతుంది. ఇక్కడ చూసేది తూటా బలాన్ని కాదు, సైన్యం తూటా దొంగతనంగా బయటికొస్తే ఆ తుపాకీలో పడుతుందా లేదా అన్నదాన్ని. తెల్లదొరల కాలంనాటి ఈ భయమే .315 బోరును మన ఊళ్ళలో నిలబెట్టింది. ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ (ఆయుధ) ఫ్యాక్టరీలు పౌరులకు తయారుచేస్తూ వచ్చిన పెద్ద రైఫిళ్లు ప్రధానంగా .315, థర్టీ నాట్ సిక్స్. అవి రెండూ పెద్ద తూటాలే. కాబట్టి మధ్యరకమా, పూర్తిబలమా అన్న ప్రశ్న చిత్తూరు కలెక్టరేట్ మెట్లు ఎక్కకముందే సగం తీరిపోతుంది.

మిగిలిన సగం తోటలో తీరుతుంది. థర్టీ నాట్ సిక్స్ గుండు గురి తప్పితే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. మా వాడి చేనుకు తూర్పున గుండ్ల గుట్ట ఉంది, బండకు తగిలిన గుండు ఎటు తిరుగుతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. పడమట పక్క రైతు మంచె మీద కాపలా పడుకుంటాడు, ఆ వెనక బోరు షెడ్డు, దాని వెనక దారి. రాత్రి టార్చి వెలుగులో పంది కనిపించినా దాని వెనక ఏముందో కనిపించదు. పంది చావడానికి ఎన్ని జౌళ్ళు కావాలన్నది కాదు, తప్పిపోయిన గుండు ఎక్కడ ఆగుతుందన్నదే నేను ముందు చూసే సంగతి. ఆ కొలతలో 5.56 కూడా మా తోటకు పెద్దదే. 1959 ఆయుధ చట్టం పంట కాపలాకు నోటిమందు తుపాకీని (గొట్టం మూతిలోంచి మందు కూరేది), ఆత్మరక్షణకు ఇరవై అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీని పేర్కొనడం నాకు తెలివైన పనిగానే తోస్తుంది. బ్యాంకు గార్డుల చేతుల్లో చూసే ఆ నున్నటి గొట్టం పన్నెండు బోరు తుపాకీ రవ్వలు (చిన్న గుళ్ళు) నలభై యాభై మీటర్లు దాటితే నీరసపడతాయి.

అయితే తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద దానికి వేరే అనుమతి కావాలి. ఎన్నికల కోడ్ వచ్చిందంటే సాధారణంగా తుపాకీని స్టేషన్‌లో అప్పగించి రావాలి, అది పంట చేతికొచ్చే నెల అయినా సరే. ఇవన్నీ విన్నాక వాడు చాలాసేపు ఆ ఐదు రూపాయల బిళ్ళను బొటనవేలితో తిప్పుతూ కూర్చున్నాడు. నిన్న ఫోను చేశాడు. దరఖాస్తు పెట్టలేదట, గుట్ట వైపు గట్టున సోలార్ కంచెకు ఎంత అవుతుందో పలమనేరులో అడిగి వచ్చాడట.