నాయన మోసిన తుపాకీ, నేను కొన్న తుపాకీ

అరిజోనాలో పదకొండేళ్లు ఉద్యోగం చేసి రెండేళ్ల క్రితం తిరుపతికి తిరిగి వచ్చేటప్పుడు, ఇల్లు, కారు, సామాను అన్నీ ఇబ్బంది లేకుండానే వదిలి రాగలిగాను కానీ, ఒక్క రైఫిల్‌ను ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు మాత్రం మనసు చాలా కష్టపడింది. అది 1943లో బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన త్రీనాట్‌త్రీ. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మా నాయన, బ్రహ్మోత్సవాల బందోబస్తులో, ఎన్నికల డ్యూటీల్లో, పరేడ్ మైదానంలో ఏళ్ల తరబడి భుజాన మోసింది సరిగ్గా ఈ రకం తుపాకీనే.

ఫీనిక్స్ శివార్లలో పాత సైనిక తుపాకులు అమ్మే చిన్న దుకాణంలో దాన్ని మొదటిసారి చూశాను. గోడ వెంట రష్యా మోసిన్‌లు, స్వీడన్ మౌజర్‌లు వరుసగా నిలబెట్టి ఉండగా, వాటి మధ్య ముక్కు మొండిగా, నల్లబడిన చెక్కతో ఒకటి కనిపించింది. తూటాను లోపలికి తోసే బోల్ట్ పిడి కింద, భుజానికి ఆనించే బట్‌తో కలిసే చోట ఉన్న ఇనుప పట్టీ మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అనే అక్షరాలు, ఆ కింద ఇషాపూర్ అన్న పేరు, సంవత్సరం వరుసగా చెక్కి ఉన్నాయి. ఆ అక్షరాలకు రాజూ చక్రవర్తీ అయిన జార్జి అని అర్థం. చక్రవర్తి బిరుదు 1948లో పోయింది కనుక, ఆ ముద్రను చూడగానే ఇది ఏ కాలం నాటిదో తెలిసిపోతుంది. ముందు చెక్కకు అడ్డంగా, పక్క నుంచి పక్కకు ఒక స్క్రూ బిగించి ఉంది. చెక్క పగలకుండా ఇషాపూర్‌లో వేసిన ఆ స్క్రూ ఇంగ్లండ్ కర్మాగారాల నుంచి వచ్చినప్పుడు వాటికి ఉండదు. మన దేశంలో పనిచేసిన తుపాకీని గుర్తు పట్టడానికి అంతకంటే మంచి ఆనవాలు నాకు తెలియదు.

అమెరికా 1968 చట్టంతో విదేశీ సైన్యాల పాత తుపాకుల దిగుమతిని ఆపేసి, 1984లో సేకరణకు పనికివచ్చే పాతవాటికి మళ్లీ దారి తెరిచింది. యాభై ఏళ్లు దాటిన తుపాకులను సేకరించేవారికి అక్కడ ప్రత్యేకంగా ఒక లైసెన్సు ఉంది. 30 డాలర్లు కడితే మూడేళ్లు చెల్లుతుంది. గ్రీన్ కార్డు వచ్చిన తర్వాతే నేను దానికి దరఖాస్తు పెట్టుకున్నాను. ఆ తర్వాత స్విట్జర్లాండ్ వాళ్ల కె31 రైఫిల్ కూడా ఒకటి కొన్నాను. దాని బట్ చివర ఇనుప పలకను విప్పితే, దాన్ని వాడిన సైనికుడి పేరూ ఊరూ రాసిన చీటీ ఒక్కోసారి దొరుకుతుంది. నాకు కూడా దొరికింది. ఆ చీటీని మళ్లీ అక్కడే పెట్టి పలక బిగించాను. పాత తుపాకీని ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టుగానే ఉంచాలని నా అభిప్రాయం. వేటకు తేలిగ్గా ఉంటుందని ముందు చెక్క కోసేసి, ముద్రలు అరగదీసి, మెరుగు పెట్టినవి అక్కడ ఎన్నో కనిపించేవి. వాటిని చూస్తే, పాత గుడి గోడ మీది శాసనానికి సున్నం కొట్టినంత బాధ కలిగేది.

త్రీనాట్‌త్రీని కాల్చడంలోని ఆనందం దాని బోల్ట్‌లో ఉంది. 1898 నాటి మౌజర్ రకం బోల్ట్‌ను పైకి ఎత్తేటప్పుడే స్ప్రింగ్ బిగుస్తుంది కనుక ఎత్తడానికి బలం కావాలి. ఇందులో బోల్ట్‌ను ముందుకు తోసేటప్పుడు స్ప్రింగ్ బిగుస్తుంది, పైగా పిడిని ఎత్తవలసిన కోణం కూడా తక్కువ. అందువల్ల చెంపను బట్ మీద నుంచి తీయకుండానే, చూపు గురి మీద నుంచి కదల్చకుండానే తర్వాతి తూటాను ఎక్కించవచ్చు. మేగజైన్‌లో పది తూటాలు పడతాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే బ్రిటిష్ సైనికులకు నిమిషంలో పదిహేను గుండ్లను 300 గజాల దూరంలోని గుర్తుకు కొట్టే శిక్షణ ఇచ్చారంటే, దానికి ఈ అమరికే ఆధారం. వెనక గురి పలక మీది అంకెలు 200 గజాల నుంచి మొదలవుతాయి కాబట్టి వంద గజాల దగ్గర గుండు కాస్త పైన తగులుతుంది. ఆ సంగతి తెలియక మొదటి రోజంతా తుపాకీలోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

నిజమైన తప్పు నేను చేసింది శుభ్రం చేసే విషయంలో. ఒక ఆగస్టు శనివారం పాత సైనిక తూటాలు నలభై కాల్చి, ఇంటికి వచ్చి, బ్యారెల్‌లో నూనె గుడ్డ లాగి పెట్టేశాను. అరిజోనా ఎడారే అయినా ఆ నెలల్లో వానలు పడతాయి. మర్నాడు సాయంత్రం చూస్తే బ్యారెల్ లోపల ఎర్రటి పొర కట్టి ఉంది. భయపడి నాయనకు ఫోన్ చేశాను.

"వేడినీళ్లు పోసినావా లేదా?" అన్నాడు వెంటనే. "మసిలే నీళ్లు పోయల్ల, తర్వాత పొడి చిందీ గుడ్డ లాగల్ల, ఆ తర్వాతే నూనె. నూనె ముందు పెడితే ఏం లాభంరా?"

కారణాన్ని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ పాత తూటాల అడుగున నిప్పు రాజేసే టోపీ మందులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది కాలిన తర్వాత బ్యారెల్‌లో మిగిలేది ఒక రకం ఉప్పు. కార్తీక మాసపు వానల్లో మన వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టే అది గాలిలోని తేమను లాగి ఇనుమును తినేస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. నాయనకు ఈ రసాయన శాస్త్రం ఎవరూ చెప్పలేదు. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసు ఆయుధాల గదిలో, తుపాకీ అప్పగించే ముందు అందరూ అలా చేసేవాళ్లు, ఆయనా చేశాడు. మూడు రోజులు ఇత్తడి బ్రష్‌తో రుద్దితే ఆ ఎరుపు వదిలింది కానీ, బ్యారెల్ మొదలయ్యే గొంతు దగ్గర రెండు చిన్న గుంటలు మిగిలిపోయాయి.

ఆ తర్వాతి చలికాలంలో నాయన, అమ్మ మా దగ్గరకు వచ్చారు. నాయనతో కాల్పించాలని నాకు ఎంతో కోరిక. అయితే విజిటర్ వీసా మీద వచ్చినవారు అక్కడ తుపాకీని చేత పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి ముందుగా అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ దగ్గర ఆయన పేరుతో వేట లైసెన్సు తీసుకున్నాను, ఆ తర్వాతే అదే శాఖ నడిపే బెన్ ఏవరీ కాల్పుల రేంజ్‌కు తీసుకువెళ్లాను. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసిన మనిషికి ఈ జాగ్రత్త ఎంతో నచ్చింది. లైసెన్సు కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పైన చేయి వేసి రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

రైఫిల్ చేతికి ఇవ్వగానే ఆయన చేసిన మొదటి పని బోల్ట్ తెరిచి చాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి ఖాళీగా ఉందని రూఢి చేసుకోవడం. రెండవది, బోల్ట్ మీది నంబరునూ బాడీ మీది నంబరునూ పోల్చడం. ఒక తుపాకీ బోల్ట్ ఇంకొకదానికి వేస్తే తూటా అడుగుకూ బోల్ట్‌కూ మధ్య ఉండవలసిన సందు మారిపోయి ప్రమాదం జరగవచ్చు. కొనే ముందు గేజ్‌తో ఆ సందును కొలిపించే నేనూ తీసుకున్నాను. తర్వాత బట్ చివర ఉన్న చిన్న తలుపును బొటనవేలితో తెరిచి, లోపలి నుంచి ఇత్తడి నూనె సీసాను, బ్యారెల్ తుడిచే పుల్‌త్రూ తాడును బయటికి తీశాడు. నేను ఆ తలుపును కొన్నప్పుడు వెతుక్కుని తెరిచాను. ఆయన చూడకుండానే తెరిచాడు.

డెబ్భై రెండేళ్ల వయసులో నేల మీద పడుకోలేడు కనుక బల్ల దగ్గర కూర్చున్నాడు. "ట్రిగ్గర్ మొదటి పుల్లు తీసుకుని ఆగల్ల, ఊపిరి సగం వదలల్ల, రెండో పుల్లు అది పోయేది నీకే తెలియకూడదు" అని నాకు చెప్తున్నట్టుగా తనకు తాను చెప్పుకున్నాడు. అయిదు తూటాలు కాల్చాడు. మొదటిది పక్కకు వెళ్లింది. మిగిలిన నాలుగూ అరచేతితో కప్పగలిగినంత మేరలో పడ్డాయి. రేంజ్‌లో కాల్పులు ఆపిన సమయంలో కాగితం తెచ్చి చూపిస్తే, కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూసి, మొదటి గుండు పక్కకు ఎందుకు పోయిందో వివరించాడు. ఆ రాత్రి మసిలే నీళ్లు ఆయనే పోశాడు.

మన దేశంలో త్రీనాట్‌త్రీ నిషిద్ధ బోరు. పౌరులకు లైసెన్సు మీద దొరికేది అదే ఇషాపూర్‌లో, దాదాపు అదే బోల్ట్‌తో చేసిన .315 రైఫిల్. ఆ నియమంపై నాకు ఫిర్యాదు లేదు. అడవి పందుల కోసం పెట్టిన నాటు తుపాకీ పేలి మనుషులే గాయపడిన సంగతులు మా వైపు పల్లెల్లో విన్నవాడిని. అయితే పోలీసు శాఖలు ఈ తుపాకులకు ఒక్కొక్కటిగా వీడ్కోలు చెబుతున్నప్పుడు, ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ దినోత్సవ కవాతులో చేసినట్టు, కొంత గౌరవంతో చెప్పాలని, ముద్రలు చెడని కొన్నింటినైనా పని చేయకుండా చేసి జిల్లా మ్యూజియంలలో ఉంచాలని గట్టిగా కోరుకుంటాను.

నా రైఫిల్ ఇప్పుడు ఫీనిక్స్‌లో నాతో పాటు కాల్చిన మిత్రుడి దగ్గర ఉంది. ఆయన దాన్ని చట్టప్రకారం తన పేరుకు మార్చుకున్నాడు, చెక్కకు ఏటా అవిసె నూనె పట్టిస్తాడు. అప్పుడప్పుడూ కాల్చిన కాగితం ఫోటో తీసి పంపుతాడు. నేను దాన్ని నాయనకు చూపిస్తాను. గుండ్లు ఎక్కడ పడ్డాయో చూసే ముందు ఆయన వేసే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "వేడినీళ్లు పోసినాడంటనా?"