కంట్రోలర్ ఎందుకు కాలుతోంది?

ఈ-సైకిల్‌లో బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని) మోటార్‌ను నడిపే కంట్రోలర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే చాలామంది ముందు పెద్ద హీట్‌సింక్ కొంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది పీడబ్ల్యూఎం (వోల్టేజ్‌ని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ మోటార్ పవర్‌ని అదుపు చేసే పద్ధతి) ఆఫ్ అయినప్పుడు కరెంటు ఏ దారిన తిరుగుతోందన్నది.

లెక్క వేయండి. ఫేజ్ కరెంటు, అంటే మోటార్ తీగలో పారేది, 15 ఆంపియర్లు. ఆఫ్ వేళ అది మాస్‌ఫెట్ (కంట్రోలర్‌లో స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) లోపలి డయోడ్ గుండా పోతే 0.8 వోల్టుల చొప్పున 12 వాట్ల వేడి. అప్పుడు ఆ మాస్‌ఫెట్‌నే ఆన్ చేస్తే, 4 మిల్లీఓమ్‌ల దాంట్లో పోయేది 0.9 వాట్లే. ఫుల్ స్పీడ్‌లో ఈ తేడా కనబడదు. ఫ్లైఓవర్ మీద సగం డ్యూటీతో, అంటే సగం సేపే ఆన్‌లో, ఈడుస్తున్నప్పుడే అసలు మంట.

అయితే ఒక్కో ఫేజ్‌కీ బ్యాటరీ ప్లస్ వైపు పైన ఒకటి, మైనస్ వైపు కింద ఒకటి మాస్‌ఫెట్లు ఉంటాయి. ఆ పైదీ కిందిదీ ఒక్క క్షణం కలిసి ఆన్ అయినా బ్యాటరీ షార్టే. డెడ్ టైమ్ (ఒకటి ఆఫ్ అయ్యాక రెండోది ఆన్ అయ్యేలోపు విరామం) 1 మైక్రోసెకండ్‌తో మొదలుపెట్టి, ఆసిలోస్కోప్‌లో గేట్ (మాస్‌ఫెట్‌ను ఆన్-ఆఫ్ చేసే కాలు) వేవ్‌ఫామ్ చూసుకుంటూ తగ్గించండి. గుడ్డిగా తగ్గిస్తే మాస్‌ఫెట్లు జంటగా పోతాయి.

గేట్లను నడిపే డ్రైవర్ చిప్ బూట్‌స్ట్రాప్ రకందైతే డ్యూటీ 95 శాతం దగ్గర ఆపండి. కిందిది కాసేపైనా ఆన్ కాకపోతే పైదాన్ని నడిపే కెపాసిటర్ నిండదు.

13 సెల్స్ లిథియం ప్యాక్ నిండితే 54.6 వోల్టులు. థ్రాటిల్ వదిలితే మోటార్ కరెంటును వెనక్కి నెట్టొచ్చు, ఆ క్షణంలో బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కట్ చేస్తే వోల్టేజ్ ఇంకా ఎగురుతుంది. అందుకే 60 వోల్టుల మాస్‌ఫెట్ వద్దు, 100 వోల్టులది వేయండి.

మొదటిసారి పవర్ ఇచ్చేది మాత్రం బ్యాటరీతో కాదు, 2 ఆంపియర్ల లిమిట్ పెట్టిన బెంచ్ సప్లైతో.