క్రాఫర్డ్ మార్కెట్‌కు అత్తమ్మతో

బొంబాయిలో మా మేనత్త ఇంటికి వెళ్తే గేట్‌వే, మెరైన్ డ్రైవ్ లాంటివి మనమే చూసుకుని రావాలి. ఆమె రాదు. "సముద్రం యాడికి పోతది బిడ్డా, రేపు జూడరాదు" అంటుంది. అదే క్రాఫర్డ్ మార్కెట్ అంటే మాత్రం మనం తయారయ్యేలోపే చేతిసంచులు మడిచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఈసారి నేను వెళ్లింది మే నెలలో. మా నాన్నకు హాపూస్ మామిడిపండ్లు పంపాలని ఆమె పట్టుదల. మాది జగిత్యాల. ఢిల్లీకి లారీలకు లారీలు మామిడికాయలు పంపే ఊరికి బొంబాయి నుంచి పండ్లు మోసుకుపోవడమేంటని నేను ఎంత చెప్పినా వినలేదు. తమ్ముడికి అక్క పంపే పండ్లు వేరట.

అత్తమ్మ వాళ్లది కామాఠీపురా. ఆ పేరు వినగానే చాలామంది మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు. మావాళ్లు కూడా పెళ్లి సంబంధాల దగ్గర "బాంబే సెంట్రల్ పక్కన" అని సర్దేస్తారు. నిజానికి ఆ పేటకు ఆ పేరు వచ్చింది రాళ్లు కొట్టడానికి, గోడలు కట్టడానికి తెలంగాణ నుంచి వలస వెళ్లిన కామాఠీల వల్ల. రెడ్‌లైట్ ఏరియా అన్న పేరు తర్వాత అంటుకున్నదే. మామ వాళ్ల ముత్తాత కూడా అలా పనికోసం వెళ్లినవాడే. మామ లెక్క ప్రకారం బొంబాయిలో రాతితో కట్టిన ప్రతి బిల్డింగూ వాళ్ల తాతలు కట్టిందే. వీటీ స్టేషన్? అవును. హైకోర్టు? అవును. రాజాబాయి టవర్? "అది సుత మనోళ్లే." కాగితం అడిగితే కోపం వస్తుంది.

మహమ్మదలీ రోడ్డు మీదుగా బస్సులో వచ్చి దిగితే మార్కెట్ ముందుగా మెడ పైకెత్తినవాళ్లకే కనిపిస్తుంది. కింద ఫుట్‌పాత్ అంతా ప్లాస్టిక్ డబ్బాలు, బెల్టులు, హెయిర్ క్లిప్పులు. పైన గడియారం గోపురం, ఏటవాలు కప్పులు. రోడ్డు దాటి పోలీస్ కమిషనర్ ఆఫీసు వైపు నిలబడి చూస్తేగానీ కట్టడం ఆకారం అర్థం కాదు. గోధుమరంగు రాయి కుర్లాది, మధ్యమధ్య ఎర్రరాయి వసయిది. 1869లో కట్టడం పూర్తయింది. అప్పటి మున్సిపల్ కమిషనర్ ఆర్థర్ క్రాఫర్డ్ పేరు పెట్టారు. ప్లాను గీసింది విలియం ఎమర్సన్. తర్వాత కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ గీసిందీ ఆయనే. వాకిళ్ల మీది కమానుల్లో రైతుల బొమ్మలు చెక్కి ఉంటాయి. అవి లాక్‌వుడ్ కిప్లింగ్ పని. ఆయన పక్కనే ఉన్న జేజే ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ ఆయన కొడుకే, పుట్టింది కూడా ఆ స్కూలు ఆవరణలోనే, 1865లో.

నేను ఆ బొమ్మలను ఫోన్‌లో జూమ్ చేసుకుంటుంటే అత్తమ్మ చెయ్యి పట్టి లాగింది. "బొమ్మలు యాడికి పోవు. మంచి పండ్లు పోతయ్."

లోపలికి అడుగుపెట్టగానే ఎండ తగ్గింది. ఇనుప స్తంభాల మీద ఎత్తైన కప్పు, దాని సందుల్లోంచి వెలుతురు. మన దేశంలో మొదట కరెంటు దీపాలు వెలిగిన కట్టడం ఇదేనని, అది 1882లో అని చెబుతారు. ఇప్పుడు ప్రతి కొట్టుకూ అరడజను ఎల్ఈడీ బల్బులున్నాయి. వాటి కింద పండ్లన్నీ ఉన్నదానికన్నా ఎర్రగా కనిపిస్తాయి. అత్తమ్మ అందుకే ఏ పండునైనా కొట్లోంచి బయటికి తెచ్చి, కప్పు నుంచి వెలుతురు పడేచోట పట్టుకుని చూస్తుంది. కొట్టువాళ్లకు ఈ అలవాటు నచ్చదు.

హాపూస్ పండ్లను పెట్టెల్లో ఎండుగడ్డి పరిచి వరసలుగా పేరుస్తారు. హాపూస్‌కు పేరుపడ్డ కొంకణ్ ఊళ్లు దేవ్‌గడ్ అనో, రత్నగిరి అనో పెట్టె మీద అచ్చేసి ఉంటుంది. ఆ అచ్చును నమ్మితే అయిపోయినట్టే. కర్ణాటక నుంచి వచ్చిన హాపూస్‌ను కూడా దేవ్‌గడ్ పెట్టెలో పెట్టి అమ్మేస్తారు. అత్తమ్మ పద్ధతి చూశాను. ముందు తొడిమ దగ్గర వాసన చూస్తుంది. పండు బొటనవేలితో నొక్కదు, అరచేతిలో పెట్టుకుని కొంచెం బిగిస్తుంది. ఒక్క పండు కోయించి ముక్క తినడంతో ఆపకుండా, తొక్కను రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. పల్చగా ఉంటే దేవ్‌గడ్, దళసరిగా ఉంటే కర్ణాటక. ఆఖరికి "భయ్యా, నీచే వాలా దిఖావ్" అంటుంది. పై వరస నవనవలాడుతూ ఉంటే కింది వరసలో చిన్నవి, మచ్చలవి దూరుస్తారు కదా. ఆ కొట్టతను పెట్టెను గడ్డితో సహా బోర్లించాల్సి వచ్చింది. డజను 1,200 అని మొదలుపెట్టాడు. ఆమె 600 అంది. నాకు సిగ్గేసి పక్కకు వెళ్లి నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ వాళ్ల వాళ్ల మనవళ్ల చదువుల గురించి మాట్లాడుకుంటున్నారు. పండ్లు 850కి తెగాయి.

పండ్ల హోల్‌సేల్ వ్యాపారం 1996లో నవీ ముంబైలోని వాశీకి వెళ్లిపోయింది. అంతకుముందు తెల్లవారుజామున లారీల మధ్య సందు దొరికేది కాదని, పాటీవాలాలు తలమీద గంపలతో "బాజూ, బాజూ" అని అరుస్తూ పరిగెత్తేవాళ్లని అత్తమ్మ చెప్పింది. పాటీవాలాలు ఇప్పటికీ ఉన్నారు, తక్కువ మంది. మా పెట్టెను మోసినాయన ఆ పెద్ద గంపను తలమీద పెట్టుకుని, చేతులు వదిలేసి, దారిలో బీడీ ముట్టించుకున్నాడు.

లోపల ఎమర్సన్ గీసి కిప్లింగ్ చెక్కిన ఫౌంటెన్ ఒకటుంది. కుక్కపిల్లలు, పక్షులు అమ్మే భాగం కూడా ఉంది. అక్కడ బోనులు చూసి నాకు కడుపులో తిప్పింది. ఎక్కువసేపు ఉండలేదు, దాని గురించి రాయాలనీ లేదు.

ఇంతకీ ఈ మార్కెట్ ఇప్పటి పేరు మహాత్మా జోతీరావు ఫూలే మండయీ. మరాఠీలో మండయీ అంటే మార్కెట్టే. ట్యాక్సీవాళ్లకు ఆ పేరు చెప్తే ఒక క్షణం ఆలోచిస్తారు. నాకు మాత్రం ఆ బోర్డు దగ్గరే ఎక్కువ సేపు నిలబడాలనిపించింది. ఫూలే బడులు పెట్టిన మనిషిగా మనకు తెలుసు. ఆయన కాంట్రాక్టర్ కూడా, పుణే దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్ పనికి సామాన్లు సరఫరా చేశాడు. కులవివక్షను ఎదిరించడానికి 1873లో ఆయన పెట్టిన సత్యశోధక్ సమాజ్‌కు బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లున్నారు. వ్యంకూ కాళేవార్, జాయా కరాడీ లింగూ లాంటి వాళ్లు. రాళ్లపని మీద వచ్చి, మేస్త్రీలై, కాంట్రాక్టులు పట్టి, ఆ డబ్బుతో సంస్కరణకు చేయూతనిచ్చారు. 1888 మే 11న మాండ్వీలో జరిగిన సభలో ఫూలేకు 'మహాత్మ' బిరుదు ఇచ్చారు. ఆ మాండ్వీ ఈ మార్కెట్‌కు నడిచి వెళ్లేంత దూరమే.

ఇంకో తమాషా. పుణే మున్సిపాలిటీలో సభ్యుడిగా ఉన్నప్పుడు ఫూలే అక్కడ పెద్ద మార్కెట్ కట్టడానికి ఒప్పుకోలేదు. ఆ డబ్బు చదువులకు ఖర్చు పెట్టమన్నాడు. మార్కెట్ మాత్రం కట్టారు. ఇవాళ దానికీ ఆయన పేరే. వద్దన్న మనిషి పేరే తీసుకెళ్లి మార్కెట్ గుమ్మానికి తగిలించడం మన దేశంలోనే కుదురుతుంది.

ఈ క్రాఫర్డ్ మార్కెట్ రాళ్లు ఎత్తినవాళ్లలో మామ ముత్తాత ఉన్నాడో లేదో నేను చెప్పలేను. క్రాఫర్డ్ పేరుంది, ఎమర్సన్ పేరుంది, కిప్లింగ్ పేరుంది. కూలీల హాజరు పుస్తకం ఎవరు దాచిపెడతారు? రాత్రి భోజనాల దగ్గర కాళేవార్ గురించి చెప్తే, మామ ఎప్పుడూ తెలిసిన విషయమే అన్నట్టు తలూపి, "నేను జెప్తే నువ్వు నమ్మలే. ఇప్పుడు ఫోన్లున్నదని నమ్ముతున్నవ్" అన్నాడు.

వచ్చే ముందు ఎదురుగా ఉన్న బాద్‌షాలో ఫలూదా తాగాం. 1905 నుంచీ ఉన్న షాపు. అత్తమ్మకు అక్కడి గులాబీ వాసన పడదు. సబ్జా గింజలన్నీ చెంచాతో ఏరుకుని తిని, మిగతాది నా గ్లాసులో పోసింది.

జగిత్యాల బస్సులో పెట్టెను కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. తెల్లారేసరికి బస్సంతా మామిడి వాసనే. ముందు సీటు పెద్దాయన ఊరుకోలేక రేటు అడిగాడు. చెప్పాక మళ్లీ వెనక్కి తిరగలేదు. ఇంటికొచ్చాక మా నాన్న ఒక పండు తిన్నాడు, ఇంకొకటి తిన్నాడు, మూడోది తింటూ మన బేనిషాన్ ముందు ఇది ఏ మూలకూ రాదన్నాడు. అక్కకు ఫోన్ చేసి మాత్రం, ఎప్పుడూ తినలేదు ఇట్లాంటిది, వచ్చే ఏడాది రెండు పెట్టెలు పంపు అన్నాడు.