డేగల కొండ మీద నాన్న లెక్క

నాన్న అమెరికా వచ్చి అప్పటికి నాలుగు నెలలు. నయాగరా అయింది, లిబర్టీ బొమ్మ అయింది, బ్రిడ్జివాటర్ గుడి ఆరుసార్లు అయింది. ఇంకెక్కడికి తీసుకెళ్ళాలో తోచక, సెప్టెంబరు మూడో వారంలో ఒకరోజు "నాన్నా, పెన్సిల్వేనియాలో ఓ కొండ మీద కూర్చుని వలసపోయే డేగల్ని లెక్కపెడతారట. చూసొద్దామా?" అన్నాను.

నాన్న చదువుతున్న పేపరు దించాడు. "లెక్కపెట్టి ఏం చేస్తారు?"

"ఏమో, వెళ్ళి అడుగుదాం."

అమ్మకి మోకాళ్ళు, మా ఆయనకి ఆఫీసు ఆన్‌కాల్. చివరికి ఇద్దరమే బయల్దేరాం. శనివారం తెల్లారకముందే పులిహోర డబ్బా, మంచినీళ్ళు, ఎరువు తెచ్చుకున్న రెండు బైనాక్యులర్లు కార్లో పెట్టుకుని న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి 78 హైవే పట్టుకున్నాం. లెన్‌హార్ట్స్‌విల్ దగ్గర హైవే దిగితే చుట్టూ మొక్కజొన్న చేలే. అక్కడి పాత జర్మన్ రైతుల గాదెల గోడల మీద రంగురంగుల చుక్కల చక్రాలు గీసి ఉంటాయి. "ముగ్గు నేల మీద కదా వేసేది, వీళ్ళు గోడకేశారేంది?" అన్నాడు నాన్న. ఆ ఒక్కమాటతో నాకు ప్రయాణం గిట్టుబాటైపోయింది.

కెంప్టన్ అనే పల్లె దాటాక వస్తుంది హాక్ మౌంటెన్. కిటటిన్నీ అనే పొడవాటి కొండవరసలో ఇదొక భాగం. వాయవ్యం నుంచి వచ్చే గాలి ఆ కొండ పక్కకి కొట్టుకుని పైకి లేస్తుంది. ఉత్తరాన చలి మొదలవగానే దక్షిణానికి పోయే డేగలూ గద్దలూ ఆ గాలి మీద కూర్చుని రెక్క ఆడించకుండా వెళ్ళిపోతాయి. టిక్కెట్టు లేని రైలన్నమాట.

పైన ఉన్న నార్త్ లుకౌట్‌కి మైలు దూరం నడవాలి. చివర్లో దారి అనేది ఉండదు, రాళ్ళే. నేను రెండుచోట్ల చేతులు ఆనించి ఎక్కాను. డెబ్బై నాలుగేళ్ళ నాన్న, దారిలో దొరికిన కర్ర పట్టుకుని నాకంటే ముందు చేరాడు. సముద్రమట్టానికి 1,521 అడుగులు. పైన కూర్చోడానికి బండలే, ఇంకేం లేవు. ఎదురుగా లోయ ఉండాలి. మేం వెళ్ళేసరికి తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు.

లెక్కరాసే అమ్మాయి అప్పటికే వచ్చి కూర్చుంది. మెడలో బైనాక్యులర్లు, ఒళ్ళో అట్ట, చేతిలో నొక్కితే అంకె పెరిగే చిన్న క్లిక్కరు. పక్కనే పొడుగాటి కర్ర చివర ప్లాస్టిక్ గుడ్లగూబ. దిష్టిబొమ్మ అనుకున్నాడు నాన్న. పంట మీదికి పక్షులు రాకుండా మనం పెట్టేది దిష్టిబొమ్మ, ఇది రమ్మని పెట్టింది. గుడ్లగూబ కనిపిస్తే డేగలకి ఒళ్ళుమండి మీదికొస్తాయి, అప్పుడు దగ్గర్నుంచి చూడొచ్చు.

గంట గడిచింది. ఒక్క పిట్ట లేదు. ఆ అమ్మాయి టైము చూసుకుని గాలి, మబ్బు, ఎండ వివరాలన్నీ కాగితంలో నింపి, పక్షుల గడిలో ఏదో రాసింది.

"ఏమీ రాలేదుగా, ఏం రాసిందమ్మాయ్?"

అడిగాను. "సున్నా రాసిందట నాన్నా."

"సున్నా రాయడానికి గంటసేపు కూర్చుందా?" అని నవ్వాడు. తర్వాతి గంటకీ సున్నాయే.

మంచు విడిచేదాకా చేసేదేమీ లేక, వచ్చేముందు చదువుకున్నదంతా నాన్నకి చెప్పాను. 1929లో పెన్సిల్వేనియా ప్రభుత్వం గోషాక్ అనే పెద్ద డేగని చంపితే అయిదు డాలర్లు ఇస్తామంది. ఆ రోజుల్లో అయిదు డాలర్లంటే మాటలు కాదు. డేగంటే కోళ్ళదొంగ అన్నదే అందరి లెక్క, ఏ డేగ ఏదో చూసేదెవరు? శరత్కాలం వస్తే చాలు, తుపాకులు పట్టుకుని ఈ బండల మీదికే వచ్చి, వచ్చినదాన్ని వచ్చినట్టు కాల్చేవాళ్ళు. 1932లో రిచర్డ్ పౌ అనే ఆయన చచ్చిన డేగల్ని నేల మీద వరసగా పరిచి ఫోటోలు తీశాడు. వాటి సంగతి న్యూయార్క్‌లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ దాకా వెళ్ళింది. మహిళలకి ఓటు కోసం పోరాడిన మనిషి, ఊరికే ఉంటుందా? 1934లో దాదాపు 1,400 ఎకరాల కొండ కౌలుకి తీసుకుని, మారిస్ బ్రౌన్ అనే యువకుణ్ణి కాపలా పెట్టింది. ఆయన భార్య ఇర్మా కింద దారి దగ్గర నిలబడి వేటగాళ్ళని వెనక్కి పంపేది. మారిస్ పైన కూర్చుని డేగల్ని లెక్కపెట్టేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో కొన్నేళ్ళు ఆగింది తప్ప, ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది.

నాన్నకి ఎడ్జ్‌గారి కంటే ఇర్మాగారు నచ్చింది. "తుపాకులోళ్ళకి ఎదురు నిలబడ్డదా, ఒక్కతే!" అన్నాడు. కాసేపాగి, "మీ నాయనమ్మ అయితే ఆ అయిదు డాలర్లు తనే తీసుకునేది" అన్నాడు. నిజమే. కోడిపిల్లని గద్ద తన్నుకుపోయిన రోజు నాయనమ్మ నోటికి అడ్డూఆపూ ఉండేది కాదు.

పది దాటాక గాలి తిరిగింది. మంచు చిరిగిపోయి లోయ బయటపడింది. ఎదురుగా వరసగా ఉన్న గుట్టలకి ఇక్కడ అంకెలే పేర్లు. "మూడు మీద, మబ్బు అంచున!" అని ఎవరో అరిస్తే అందరి తలలూ అటు తిరిగాయి. నాకు మబ్బు కనపడింది, పిట్ట కనపడలేదు. నాన్నకి బైనాక్యులర్లు లేకుండానే కనపడ్డాయి.

"అదిగో, కల్లంలో తూర్పారబడితే పొట్టు లేచినట్టు లేస్తున్నయ్యి."

అప్పుడు చూశాను. బ్రాడ్‌వింగ్‌లు. అరకిలో కూడా తూగని డేగలు, దక్షిణ అమెరికా దాకా వెళ్తాయి. ఎండకి నేల వేడెక్కి లేచే గాలిసుడిలో దూరి, గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతున్నాయి. ఇక్కడివాళ్ళు ఆ గుంపుని కెటిల్ అంటారు, మరుగుతున్న నీళ్ళ గిన్నెలా ఉంటుందని కాబోలు. సెప్టెంబరు మధ్యలో ఇవి ఒక్కసారిగా వచ్చిపడతాయి. 1978 సెప్టెంబరు 14న ఒక్కరోజులోనే ఇరవై వేలు దాటాయట.

నేను గబగబా లెక్కపెట్టాను. డెబ్బై మూడు. క్లిక్కరు అమ్మాయి మాత్రం ఊరికే చూస్తోంది. సుడి పైకొసకి చేరాక డేగలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి దక్షిణానికి జారడం మొదలుపెట్టాయి. అప్పుడు మొదలైంది టక్, టక్, టక్‌మని. ఆమె లెక్క యాభై ఎనిమిది. తిరుగుతున్నప్పుడు లెక్కపెడితే చూసినదాన్నే మళ్ళీ చూస్తామని చెప్పింది.

తెలుగులో చెప్తే నాన్న నన్ను జాలిగా చూశాడు. "గొర్రెల్ని మందలో లెక్కపెడతామా? దొడ్లోకి దూరేటప్పుడు గుమ్మం కాడ లెక్కపెడతాం. ఎమ్మెస్ చేశావు, ఇది తెలీదా?"

ఇంతలో ఒక షార్పీ, అంటే షార్ప్-షిన్డ్ హాక్ అనే చిన్న డేగ, వచ్చింది. మన జాలెడేగంత ఉంటుంది, సన్నటి కాళ్ళు. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలీదు, గుడ్లగూబ నెత్తిన ఒక్క దెబ్బ కొట్టి, మా తలల మీదుగా వెళ్ళిపోయింది. దాని పసుప్పచ్చ కన్ను చూశాను. రెక్కల చప్పుడు విన్నాను. పులిహోర డబ్బా మూత రాళ్ళ సందులో పడిపోయింది, మళ్ళీ దొరకలేదు.

గాలి కాస్త సద్దుమణిగాక నాన్న ప్రశ్న ఆ అమ్మాయిని అడిగాను. ఏం చేస్తారు ఈ లెక్కతో? ఆమె రేచల్ కార్సన్ అనే రచయిత్రి పేరెత్తింది. పురుగుమందుల మీద ఆవిడ రాసి 1962లో వచ్చిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంలో ఈ కొండ లెక్కలున్నాయి. 1935 నుంచి 1939 వరకూ ఇక్కడ కనపడ్డ బట్టతల గద్దల్లో (బాల్డ్ ఈగిల్స్) నూటికి నలభై పిల్లగద్దలు. 1955 నుంచి 1959కి వచ్చేసరికి ఇరవై. 1957లో అయితే ముప్ఫై రెండు పెద్దవాటికి ఒక్క పిల్ల. పెద్ద గద్దలు ఎగురుతూనే ఉన్నాయి కాబట్టి మామూలుగా చూసేవాడికి తేడా తెలీదు. పిల్లలు పుట్టడంలేదని చెప్పింది ఈ కాగితాలే. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్డు పెంకు పల్చబడి, పొదిగే తల్లి కిందే చితికిపోయేది. 1972లో అమెరికాలో డీడీటీ ఆపేశారు. మేం ఉన్న కాసేపట్లోనే రెండు బట్టతల గద్దలు వెళ్ళాయి.

డీడీటీ అన్నమాట నాన్నకి తర్జుమా అక్కర్లేకపోయింది. చిన్నప్పుడు మలేరియావాళ్ళు వచ్చి ఇంటింటా గోడలకి కొట్టి, గుమ్మం పక్కన తారీఖు వేసి పోయేవాళ్ళట. "మంచిదే అనుకున్నాం. దోమలు చచ్చినయ్యి కూడా" అన్నాడు. అదీ నిజమే. తర్వాత పత్తికి కొట్టిన ఎండ్రిన్ సంగతి మాత్రం ఎత్తలేదు. మా ఊళ్ళో ఆ డబ్బా చాలా ఇళ్ళకి తెలుసు.

మధ్యాహ్నం బండ మీద కూర్చుని పులిహోర తింటుంటే నాన్న చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"రాబందులే అయ్యి!"

అవునో కాదో అని నేను చూశాను. ఎర్రతల టర్కీ వల్చర్లు, రెక్కలు పైకి ఎత్తిపెట్టి, అటూ ఇటూ ఊగుతూ మా కిందుగా పోతున్నాయి. చుట్టూ ఎవరూ బైనాక్యులర్లు కూడా ఎత్తలేదు. ఈ దేశంలో రోడ్డు పక్క ఎక్కడ చూసినా ఉంటాయి మరి. మన రాబందులకి ఇవి దగ్గర చుట్టాలు కూడా కావు. ఆ మాట నాన్నకి చెప్పాలనిపించలేదు.

మా ఊరవతల చెరువుగట్టున చచ్చిన గొడ్డుని పడేస్తే ఒక్కపూటలో ఎముకలు మిగిలేవట. ఇప్పుడు అక్కడ కుక్కలే. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు ఆ కళేబరాల్లోంచి రాబందుల ఒంట్లోకి చేరి కిడ్నీలు పాడుచేసిందని 2004లో బయటపడింది. పశువులకి వాడకూడదని మన దేశంలో 2006లో నిషేధించారు. అప్పటికే కొన్నిరకాల రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి.

"ఏ సంవత్సరం పోయినయ్యో చెప్పు నాన్నా?"

చాలాసేపు ఆలోచించాడు. అక్క పెళ్ళికి ఉన్నాయా? తాత పోయినప్పుడు? "ఉన్నయ్యి అనుకుంటా... తెలీదమ్మాయ్. ఒకరోజు చూస్తే లేవు. ఊళ్ళో ఎవరూ అనుకోను కూడా అనుకోలా."

డబ్బా మూసే మూత లేదు కాబట్టి మిగిలిన పులిహోర క్లిక్కరు అమ్మాయికి పెట్టాం. కారంగా ఉందంటూనే తిన్నది. అప్పుడే నాన్న నాచేత అడిగించాడు, ఆ రాబందుల్ని రాసిందా అని. రాయలేదంది. అవి ఈ చుట్టుపక్కల తిరిగేవేనట. ప్రయాణంలో ఉన్నవాటినే రాస్తారట. న్యాయమే. నాన్నకి మాత్రం నచ్చలేదు.

"ఓ కాయితం, పెన్ను ఇవ్వమను."

ఆమె ఖాళీ ఫారం ఒకటి ఇచ్చింది. మూడున్నర దాకా నాన్న ఇంక డేగల వైపు చూడలేదు. దిగేటప్పుడు ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కార్లో అడిగి తీసుకుని చూశాను. పైన తెలుగులో తారీఖు, కింద ‘రాబందులు’ అని రాసి, అయిదేసి గీతల కట్టలు. రెండు కట్టలు, పైన నాలుగు గీతలు.

"పద్నాలుగా? అవే మళ్ళీ మళ్ళీ వచ్చాయేమో నాన్నా."

"వస్తే రానీ" అన్నాడు, కాగితం తీసుకుని జేబులో పెట్టుకుంటూ.