నెట్ ప్రిపరేషన్: జమ్ము ఆకు దగ్గర నేను చేసిన తప్పు

సీఎస్ఐఆర్ నెట్ (లెక్చరర్, రీసెర్చ్ ఫెలోషిప్ అర్హత పరీక్ష) లైఫ్ సైన్సెస్‌కి చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నాను. మంచినీటి చిత్తడి నేలల్లోకి సేంద్రియ కార్బన్ ఎక్కడి నుంచి వస్తుందనేది ఎకాలజీలో చిన్న టాపిక్. అయినా రెండు మాక్ టెస్టుల్లో వరసగా తప్పు పెట్టాను. అక్కడే పుట్టింది ఆటోక్తనస్, బయటి నుంచి వచ్చింది అలోక్తనస్ అని బట్టీ కొట్టాను. తీరా ఎండి నీళ్లలో పడిన జమ్ము (చెరువుల్లో పెరిగే పొడవాటి ఆకుల మొక్క) గురించి అడిగితే, ఆకు చెత్తే కదా అని అలోక్తనస్ టిక్ పెట్టేశాను.

మాది అనంతపురం. ఆ ఆదివారం శింగనమల చెరువు గట్టు మీద కూర్చుని, నోట్సు మూసేసి, కంటికి కనిపించిన ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది ఎక్కడ పెరుగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంది? జమ్ము వేర్లు చెరువు బురదలోనే ఉన్నాయి. అంటే ఎండినా, కుళ్లినా అది చెరువు కార్బనే. నీటి మీది పాచి, రాళ్లకు పట్టిన నాచు కూడా అంతే. గట్టు మీది తుమ్మాకు, వానకు పొలాల నుంచి కొట్టుకొచ్చే చెనక్కాయ కట్టె, గొర్రె పెంటికలు, వాగు మోసుకొచ్చే మట్టి మాత్రం బయటివి.

కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి దగ్గర ఇంకాస్త ఆగండి. నాచులో అది సుమారు 4 నుంచి 10, నేల మొక్కల్లో సాధారణంగా 20కి పైన. కారణం వాటిలోని పీచు పదార్థాలు సెల్యులోజ్, లిగ్నిన్. కానీ జమ్ములోనూ పీచు ఎక్కువే కాబట్టి దాని నిష్పత్తీ పెద్దదే. కాబట్టి నిష్పత్తి ఎక్కువగా ఉందని చూసి బయటి కార్బన్ అనేయకండి. నా రెండో తప్పు ఇదే, నెగెటివ్ మార్కుతో సహా.

నీళ్లలో కరిగిన కార్బన్ గురించి చదవడానికి ఎక్కువ టైమ్ పట్టదు. 0.45 మైక్రాన్ల ఫిల్టర్ దాటితే కరిగినదని సాధారణంగా లెక్క. ఆకులు నానిన నీళ్లు టీ రంగుకు తిరగడానికి కారణం హ్యూమిక్ పదార్థాలు, అంటే మొక్కలు కుళ్లగా వచ్చే ముదురు రంగు పదార్థాలు.

మన సీమ చెరువులకు బాగా వర్తించే పాయింట్ ఇంకొకటి ఉంది. నీళ్లున్నంత కాలం బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, కుళ్లడం నెమ్మదిస్తుంది, కొంత కార్బన్ మీథేన్‌గా పోతుంది. చెరువు ఎండి నేల నెర్రెలిచ్చిందంటే గాలి లోపలికి వెళ్లి, ఏళ్లుగా పేరుకున్నది కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడుతుంది. ఈ రెండు దశలనూ ఒకే బొమ్మలో గీసుకోండి.